ఒకే పేరు, ఒకే కంచం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా పేరుతో ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకడిని నేను. రెండోవాడు మా పెదనాన్న కొడుకు, నాకన్నా కొద్ది నెలలు పెద్ద. ఆ పేరు మా తాతయ్యది. మేం పుట్టిన ఏడే ఆయన పోయారు. తండ్రి పేరు నిలబెట్టాలని పెదనాన్న తన కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత నేను పుడితే మా నాన్న కూడా అదే పెట్టాడు. అన్న పెట్టుకున్నాడు కదా అని తమ్ముడు వదులుకోడు. మా వైపు చాలా ఇళ్ళల్లో ఇదే తీరు. ఆ పేరు నేనిక్కడ రాయను. రాస్తే అది నా పేరని అనుకుంటారు. అందులో సగమే నాది, ఆ సగాన్ని కూడా నేను సరిగా మోయలేదు.

ఇంట్లో మమ్మల్ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. అన్నని పెద్దోడా అనేవాళ్ళు, నన్ను చిన్నోడా అనేవాళ్ళు. దానికి కారణం మా నాయనమ్మ. భర్త పేరు నోటితో పలకకూడదన్న పట్టింపు ఆమెకి ఉండేది. ఆయన బతికున్నప్పుడు పలకలేదు, పోయాక కూడా పలకలేదు. చర్చిలో ఎవరైనా ఆ పేరు అంటే కొంగు సర్దుకుని తల వంచుకునేది. ఆమె ఎదుట మనవల్ని ఆ పేరు పెట్టి పిలవడం మిగతావాళ్ళకీ బాగుండేది కాదు. అందుకని ఆ పేరు మాకు బడిలోనూ చర్చిలోనూ మాత్రమే పనికొచ్చేది. ఆదివారం తొడుక్కునే చొక్కా లాంటిదన్నమాట.

మా పేట బందరు కాలువకి ఇవతల, ఊరికి కాస్త ఎడంగా ఉండేది. తాతయ్య అక్కడ ఉపదేశి. అయ్యగారు, అంటే పాస్టరు గారు, నెలకొకసారి వచ్చేవారు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడిపించడం, పిల్లలకి అక్షరాలు దిద్దించడం, పుట్టినవాళ్ళకి బైబిల్లోంచి పేరు చెప్పడం తాతయ్య పని. అందరికీ దావీదులూ దానియేళ్ళూ కావాలి. ఆయన మాత్రం ఎవరికీ పట్టని పేర్లు తీసేవారు. బైబిల్లో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, పేరు పెట్టేటప్పుడే నీది ఫలానావాడి పేరు, రెండోవాడిది కాదు అని తేల్చి చెప్పేవారట. అయినా జనం ఊరుకుంటారా? మా పేటలో ఇద్దరు హనన్యాలు ఉండేవాళ్ళు. బైబిల్లో ఒక హనన్యా అగ్నిగుండంలో పడేసినా కాలని ముగ్గురిలో ఒకడు. ఇంకో హనన్యా యిర్మీయాకి ఎదురు నిలిచి అబద్ధపు ప్రవచనం చెప్పి ఆ ఏడే చచ్చినవాడు. మా హనన్యాలిద్దరూ జీవితాంతం ఒకరినొకరు అబద్ధాల ప్రవక్త అని పిలుచుకున్నారు.

"ఏం అబద్ధాల ప్రవక్తా, ఇయ్యాల వానొస్తదంటావా?"

"పోవయ్యా, మాది పొయ్యిలో ఏసినా కాలని పేరు. నీదే, ఏడాది తిరక్కుండా పాడె ఎక్కిన పేరు."

ఇద్దరు దెబోరమ్మలు కూడా ఉండేవాళ్ళు. గట్టిగా మాట్లాడే ఆమెని తీర్పుల దెబోరమ్మ అనేవాళ్ళు, బైబిల్లో దెబోరా న్యాయాధిపతి కాబట్టి. రెండో ఆమె దాది దెబోరమ్మ. రిబ్కాని పెంచిన దాది పేరు కూడా దెబోరాయే. ఆ దాది గురించి బైబిల్లో ఉన్నది ఒక్క మాటే, ఆమె చనిపోయింది, ఒక చెట్టు కింద పాతిపెట్టి ఏడ్చారు అని. మా నాయనమ్మకి ఆ దాది అంటే ఇష్టం. తాతయ్య దగ్గరే ఆమె చదవడం నేర్చుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేది. అలా మెల్లగా చదవడం వల్లనో ఏమో, మనం దాటేసి పోయే మనుషుల దగ్గర ఆమె ఆగేది. రాజుల సంగతి చెప్పడానికి చాలామంది ఉన్నార్రా, వీళ్ళకెవరున్నారు అనేది. అలా ఆమె దగ్గర విన్న మనుషులు ఈనాటికీ నాకు బంధువుల్లా గుర్తున్నారు. అసలు బంధువుల్నే మర్చిపోయాను.

అన్న గురించి చెప్పాలి. వాడు చదువులో నాకన్నా వెనకే ఉండేవాడు. లెక్కలు తప్పేవాడు. కానీ ఏ పిట్ట కూసినా అలాగే కూసేవాడు. గోరింక కూత కూస్తే గోరింక వచ్చి చూసేది. పెదనాన్న పోయింది కుప్పనూర్పిళ్ళప్పుడు. వరికుప్పలో చెయ్యి పెడితే పాము కరిచింది. అప్పటి నుంచి పెద్దమ్మా అన్నా మా నాన్న నీడలో ఉన్నారు. నాన్న వాళ్ళకి తిండికీ బట్టకీ తక్కువ చేయలేదు, అది నిజం. పెద్దమ్మ కూడా ఊరికే కూర్చునేది కాదు. కోతల కాలమంతా కళ్ళంలో గోనెపట్టా పరుచుకుని, ఆరబోసిన వడ్ల మీద పిట్టలు వాలకుండా కర్రకి గుడ్డ కట్టి తోలుతూ ఉండేది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఆమె అరుపు ఇంట్లోకి వినపడేది.

మేం ఐదో తరగతిలో ఉండగా అయ్యగారు ఒక కబురు తెచ్చారు. బెజవాడలో చర్చివాళ్ళు నడిపే హాస్టల్లో మా పేట నుంచి ఒక పిల్లవాడికి చోటు ఇస్తారట. తండ్రి లేని పిల్లలకి ముందు. తిండీ, బట్టలూ, పదో తరగతి దాకా చదువూ వాళ్ళదే. అయ్యగారు మా ఇంటికి వచ్చి, పెద్దమ్మని కూర్చోబెట్టి, నీ కొడుకుని పంపిస్తావా అమ్మా అని అడిగారు. పెద్దమ్మ తల ఊపింది. ఆ వారమే పెదనాన్న రేకు పెట్టెకి ఎర్ర రంగు వేయించింది. అన్న పెట్టె మూత తీసి, అందులో తల పెట్టి గోరింకలా కూసేవాడు. బెజవాడ పోయి ఏం చేస్తావురా అని ఎవరడిగినా, బస్సు నడుపుతా అనేవాడు. పెద్దమ్మ మాత్రం, ఏదైనా నడపనీ, కుప్పల్లో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు అనేది.

ఆ తర్వాత ఆదివారం కోత పండుగ. కొత్త పంటలోంచి మొదటిది తెచ్చి బలిపీఠం ముందు పెట్టే పండుగ అది. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ప్రార్థన అయ్యాక వాటిని చర్చి బయట వేలం వేస్తారు. పెద్దమ్మ తను పెంచిన నల్లకోడిని తెచ్చి ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చుంది.

ప్రసంగం అయ్యాక అయ్యగారు హాస్టల్ సంగతి ఎత్తారు. మామూలుగా అయితే ఫలానావారి కొడుకు అని తండ్రి పేరు కలిపి చెప్పాలి. కానీ ఎదురుగా పెద్దమ్మ కూర్చుని ఉంది. పండుగపూట చచ్చిపోయిన మనిషి పేరెత్తి ఆమెని ఏడిపించడం ఎందుకనుకున్నారు. అందుకని, "మన ఉపదేశిగారి మనవడు, ఆయన పేరే పెట్టుకున్నవాడు," అని ఆ పేరు చెప్పి, "లేచి నిలబడు బాబూ," అన్నారు.

ఇద్దరం లేచాం.

నేను ఎందుకు లేచానో ఈనాటికీ చెప్పలేను. అలవాటే అనుకుంటాను. ఆ పేరు వినపడితే లేవడం, అంతే. ఎవరో నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి ఏదో అనబోయారు. ఈలోగా మా నాన్న తన చోటు నుంచి లేచి వచ్చి, వెనక నుంచి నా రెండు భుజాల మీదా చేతులు వేశాడు. నాన్న సంఘపెద్ద. అయ్యగారు వచ్చినప్పుడల్లా భోజనం మా ఇంట్లోనే. నాన్న అలా చేతులు వేసి నిలబడ్డాడు. అయ్యగారు నాన్న ముఖం చూశారు, పెద్దమ్మ వైపు చూశారు, చేతిలో ఉన్న పాటల పుస్తకం చూసుకున్నారు. తర్వాత పాట నంబరు చెప్పారు.

పెద్దమ్మ లేవలేదు. ఆమె ఉంటున్నది మా నాన్న ఇంట్లో. నాయనమ్మ కూడా లేవలేదు. అంత పేటలో ఒక్కరంటే ఒక్కరు, ఆ పిల్లవాడు కాదండీ, వాడు, అనలేదు. తీర్పుల దెబోరమ్మ సహా అందరూ పాట అందుకున్నారు. అన్న కాసేపు నిలబడే ఉన్నాడు. పాటకి అందరూ లేచారు గనక వాడు నిలబడి ఉన్నట్టు తర్వాత తెలియలేదు.

బయట వేలంపాట మామూలుగానే జరిగింది. హనన్యాలిద్దరూ ఒకే గుమ్మడికాయ కోసం పోటీ పడి, అబద్ధాల ప్రవక్తవంటే నువ్వేనని తిట్టుకున్నారు. పెద్దమ్మ నల్లకోడిని మా నాన్న పాడుకున్నాడు. ఎవరూ ఊహించనంత ఎక్కువకి పాడాడు. బహుశా అది ఆయన క్షమాపణ. దాన్ని ఇంటికి తెచ్చి కోయించాడు.

సాయంత్రం పెరట్లో నాన్న నాయనమ్మతో అంటుంటే విన్నాను. "వాడికి చదువు అబ్బదమ్మా. ఈడికి అబ్బుద్ది. ఇంట్లో ఒకడన్నా పైకొస్తే అందర్నీ చూసుకుంటాడు. నేనేమన్నా పరాయోడికి ఇచ్చానా?"

నాయనమ్మ బియ్యం చెరుగుతూనే ఉంది. "నేనేం అన్లేదు గదరా. నేనూ నోరు మూసుకునే కూర్చున్నా గదా," అంది.

ఇంకా వెలుతురు ఉండగానే ఆమె మమ్మల్ని అన్నానికి పిలిచింది. వంటింటి గడపలో నిలబడి, పెద్దోడా అనలేదు, చిన్నోడా అనలేదు. ఆ పేరు పలికింది. తాతయ్య పేరు. గట్టిగా, స్పష్టంగా, ఒకే ఒక్కసారి. పొయ్యి దగ్గరున్న మా అమ్మ గరిటె అలా పట్టుకుని ఉండిపోయింది. మా నాయనమ్మ నోట ఆ పేరు వినడం మాకు అదే మొదలు, అదే ఆఖరు. నేను వీధిలోంచి, అన్న పెరట్లోంచి, ఏం జరిగిందోనని పరిగెత్తుకుంటూ వచ్చాం.

చాప మీద ఒకే కంచం ఉంది. అన్నం వడ్డించి, మీద నల్లకోడి కూర వేసి ఉంది.

"నన్నా, ఈణ్ణా నాయనమ్మా?" అని అన్న అడిగాడు.

ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూడలేదు, వాణ్ణీ చూడలేదు. కూర వాసన వస్తోంది. నేను కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ వద్దనలేదు. అన్న ఒక క్షణం నిలబడి, "ఈణ్ణేలే," అని తనకి తనే చెప్పుకుని, తాటాకు దడి అవతలికి వెళ్ళిపోయాడు.

నేను తింటూ ఉంటే నాయనమ్మ చెప్పడం మొదలుపెట్టింది. సౌలు వంశంలో మెఫీబోషెతు అని ఒకడు ఉన్నాడు, యోనాతాను కొడుకు, రెండు కాళ్ళూ కుంటి. వాడి సంగతి నాకు తెలుసు. సండే స్కూల్లో దాని మీద నాకు బహుమతి కూడా వచ్చింది. దావీదు రాజు వాణ్ణి పిలిపించి, నీ తండ్రి నా స్నేహితుడు, ఇక నుంచి నువ్వు నా బల్ల దగ్గరే భోంచేయాలి అన్నాడు. నోట్లో ముద్ద ఉండగానే అదంతా గడగడా చెప్పేశాను.

"రెండోవాడి సంగతి చెప్పు," అంది.

రెండోవాడు ఉన్నాడని నాకు తెలియదు.

రెండో మెఫీబోషెతు కూడా సౌలు వంశమేనట. రిస్పా అనే ఆమె కొడుకు. దేశంలో కరువొచ్చింది. సౌలు చేసిన పాత పాపానికి అతని వాళ్ళని ఏడుగురిని అప్పగిస్తే గానీ ఊరుకోమని పగవాళ్ళు పట్టుబట్టారు. యోనాతానుకి ఇచ్చిన మాట ఉంది గనక ఆ కుంటి మెఫీబోషెతుని రాజు దాచుకున్నాడు. ఏడుగురు లెక్క కావాలి గదా, ఈ రెండో మెఫీబోషెతుని ఇచ్చేశాడు. కొండ మీద ఉరి తీశారు. సరిగ్గా కోతలు మొదలయ్యే రోజులు. ఆ తల్లి రిస్పా బండ మీద గోనెపట్టా పరుచుకుని, పగలు పిట్టలు వాలకుండా, రాత్రి మృగాలు రాకుండా, ఆకాశం నుంచి వాన పడేదాకా ఆ శవాల దగ్గర కూర్చుని తోలుతూనే ఉంది.

అది చెప్తుంటే బయట కళ్ళంలోంచి పెద్దమ్మ అరుపు వినపడుతోంది. పండుగపూట కూడా ఆమె వడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"రెండోవాడు ఏం తప్పు చేశాడు?" అని అడిగాను.

"ఏం చెయ్యలేదు. ఒకడికి అయ్య అడ్డమొచ్చాడు. రెండోవాడికి అడ్డమొచ్చేవాడు లేడు."

మళ్ళీ తనే, "ఆ రోజు ఆ కుంటాయన రాజుగారి బల్ల దగ్గర అన్నం తిన్నాడో లేదో రాయలేదురా. తినే ఉంటాడు. నా పేరుగల పిల్లోడు ఏడి అని అడిగాడో లేదో అదీ రాయలేదు. రోజూ ఏలు పెట్టి ఎతుకుతా. ఎక్కడా లేదు," అంది.

అంతే చెప్పింది. అందుకని ఇలా చెయ్యి, అలా చెయ్యి అనలేదు. ఎదురుచూస్తూ కూర్చుంది. ఆమె చేతిలో రెండో కంచం ఉన్న సంగతి అప్పుడే గమనించాను. కొంగు కింద పెట్టుకుని ఉంది. నేను లేచి అన్నని పిలుచుకురావాలి, పొద్దున్నే అయ్యగారి దగ్గరికి పోయి ఆ చోటు నాది కాదండీ అనాలి, అదే ఆమె ఎదురుచూపు. నేను చిన్నవాణ్ణి, నాకు అర్థం కాలేదని చెప్పుకోవడం తేలిక. చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. నాకు అర్థమైంది. కానీ బెజవాడ నా కళ్ళ ముందు తిరుగుతోంది. కృష్ణ మీది వంతెన, రైళ్ళు, స్విచ్చి వేస్తే తిరిగే ఫ్యాను. మజ్జిగ పోయించుకుని, అన్నం మొత్తం తిని, కంచంలోనే చెయ్యి కడుక్కున్నాను. ఆమె రెండో కంచం తీసుకెళ్ళి గూట్లో పెట్టేసింది.

బడులు తెరిచే ముందు ఎర్ర పెట్టె పెద్దమ్మే తెచ్చి నా ముందు పెట్టింది. "ఊరికే పడుంటుంది గదా, తీసుకెళ్ళు నాన్నా," అంది. బస్సు దగ్గరికి అన్న పెట్టె మోసుకొచ్చాడు. కిటికీ పక్కన నిలబడి గోరింకలా కూశాడు. బస్సులో వాళ్ళు పిట్ట కోసం చూశారు. నేను నవ్వాను. నవ్వానన్నది బాగా గుర్తు.

నాన్న అన్నట్టే నేను పైకొచ్చాను. హాస్టల్, డిప్లొమా, ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, క్వార్టర్లు, తర్వాత సొంత ఇల్లు. అందర్నీ చూసుకుంటాడన్నది మాత్రం జరగలేదు. నాయనమ్మ నా చదువు పూర్తికాకముందే పోయింది. అన్న ఆరో తరగతి మధ్యలో బడి మానేశాడు. కూలికి పోయాడు. వరిచేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయ్యాక, వాటికి కాపలా పనిలో చేరాడు. చెరువు గట్టు మీద గుడిసె. పగలు కొంగలు, నీటికాకులు వాలకుండా రేకు డబ్బా కొట్టి తోలడం, రాత్రి దొంగలు రాకుండా చూడటం. పిట్టల్ని పిలిచేవాడు పిట్టల్ని తోలే పనిలో బతికాడు. ఆ చెమ్మలో పడుకుని పడుకుని ఊపిరితిత్తులు పాడయ్యాయి. నేను నెలకింత పంపాలని అనుకున్న నెలలు చాలా ఉన్నాయి. పంపిన నెలలు చెప్పుకోదగ్గవి కావు.

మా కొత్త ఇంటి ప్రార్థనకి వాడిని పిలిచాను. పెద్దమ్మ ఇచ్చిందని ఎండురొయ్యల మూట తెచ్చాడు. లుంగీ మీద చొక్కా, అదీ ఇస్త్రీ చేసింది. భోజనాలకి బల్లలు వేశాం. మా ఆఫీసువాళ్ళు కూర్చుంటున్నారు. అన్న కూడా వచ్చి ఒక కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళి, "అన్నా, నువ్వు రెండో బంతిలో కూర్చుందువు గానిలే," అన్నాను.

వాడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు, కోపం లేదు. "అట్టాగేలేరా. రాజుగారి బల్ల దగ్గర ఒక మెఫీబోషెతుకేగా చోటు," అన్నాడు.

దడి అవతల కూర్చుని ఆ రోజు వాడు కథంతా విన్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. నేను ఏదైనా అనాల్సింది. పక్కన మా ఇంజనీరు గారు పిలిస్తే అటు వెళ్ళాను. అన్న కాసేపు మా పిల్లలకి గోరింక కూత కూసి వినిపించాడట. రెండో బంతి వేసేసరికి లేడు. బస్సుకి వేళైందని వెళ్ళిపోయాడు అన్నారు.

తర్వాత మళ్ళీ మాట్లాడుకున్నది ఫోన్లోనే, అదీ పండుగలకి. వాణ్ణి విజయవాడ ఆస్పత్రిలో చేర్చారని కబురు వచ్చినప్పుడు నేను గంటలోపు వెళ్ళగలిగేంత దూరంలో ఉన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్దామనుకున్నాను. శనివారం వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళిపోయారు, ప్రాణం లేకుండా.

మండే ఎండలు. పేటలో షామియానా వేసి, బల్ల మీద పడుకోబెట్టారు. పెద్దమ్మ పక్కనే కింద గోనెపట్టా మీద కూర్చుని, కొంగుతో ఈగలు తోలుతోంది. బాగా ముసలిదైపోయింది. ఏడవడం లేదు. చెయ్యి మాత్రం ఆగడం లేదు. నేను వెళ్ళి ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను.

ఆమె తలెత్తి చూసింది. "మీరు ఎండన నిలబడకండి బాబూ. ఎవరన్నా కుర్చీ ఎయ్యండయ్యా," అంది.

"పెద్దమ్మా, నేను. చిన్నోణ్ణి," అన్నాను.

"తెలుసు బాబూ." మళ్ళీ కొంగు విసురుతూ, "కాస్త పక్కకి జరగండి. ఈగలు వాలతన్నయ్యి," అంది.

నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నన్ను మీరు అంది. తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చేవాణ్ణి. పక్కకి జరిగాను. ఎవరో కుర్చీ వేశారు. కూర్చున్నాను. కూర్చోమంటే కూర్చోవడం నాకు ఎప్పుడూ వచ్చు.

ఇప్పటి అయ్యగారు కుర్రవాడు. మా సంగతులేవీ తెలియవు. పుస్తకం తెరిచి, ప్రభువు పిలుపు అందుకున్న మన సహోదరుడు అంటూ ఆ పేరు చదివాడు. నా పేరు. ఇంటి పేరుతో సహా. అలవాటు కొద్దీ నేను కుర్చీలోంచి సగం లేచాను. ఎవరూ గమనించలేదు. నలుగురూ పాడె ఎత్తుతున్నారు, ఆ సందట్లో నేను కూడా సాయానికి లేచానని అనుకుని ఉంటారు.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో పెద్దమ్మ పోయింది. బైబిల్లో వాన పడ్డాక రిస్పా చేసిన పని రాజు చెవిన పడుతుంది. రాజు ఆ ఎముకలన్నీ తెప్పించి మర్యాదగా పాతిపెట్టిస్తాడు. నాయనమ్మ ఆ ముక్క నాకు చెప్పలేదు, తర్వాత నేనే చదువుకున్నాను. మా ఇంటి కథలో ఎవరి చెవినైనా పడాలంటే అది నా చెవినే పడాలి. పడినా నా చేతిలో ఇక ఏం మిగిలింది? వాళ్ళిద్దరి సమాధుల మీద ఇప్పుడు గడ్డి ఉంది. రాళ్ళు పెట్టించాను. అన్న రాయి మీద మా పేరు చెక్కుతున్న మేస్త్రి నా వైపు చూసి, మీ పేరేనాండీ అని అడిగాడు. వాడిదే అన్నాను.

నాయనమ్మలా నేను కూడా ఇప్పుడు ఆ పేజీల మీద వేలు పెట్టి చదువుతున్నాను. బల్ల దగ్గర కూర్చున్న ఆ కుంటివాడు తన పేరుగలవాడి గురించి ఎప్పుడైనా అడిగాడేమోనని వెతుకుతాను. లేదు. ఉండదని తెలుసు. ఆ కుంటివాడి తరపున నేను చేయగలిగిన పని కూడా ఏమీ లేదు. నా తరపున వాడూ ఏమీ చేయలేడు.

ఆ కోత పండుగ రోజు నుంచి నాకు మిగిలింది ఒక చిన్న అలవాటు, అది కూడా ముసలితనంలో వచ్చింది. ఇక్కడి చర్చిలో పెద్దవాణ్ణి గనక అప్పుడప్పుడు ప్రార్థన చేయమని అయ్యగారు నా పేరు పెట్టి పిలుస్తారు. నేను వెంటనే లేవను. వెనక వరుసలోంచో, గుమ్మం దగ్గరి నుంచో ఇంకొకడు లేస్తాడేమోనని కాసేపు చూస్తాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. చెవుడు వచ్చిందేమో పాపం అని పిల్లలు గుసగుసలాడతారు. ఎవరూ లేవరు. అప్పుడు నేను లేస్తాను.